జపాన్‌కి ఎప్పుడు వెళ్లాలంటే

అమ్మలూ,

ఏప్రిల్ ఆఖర్లో వాళ్లిద్దరినీ జపాన్ తీసుకెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సొంత డబ్బుతో అమ్మానాన్నల్ని దేశం దాటించేంత పెద్దదానివయ్యావని పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక ఆ తేదీలు మళ్లీ గుర్తొచ్చి రాత్రంతా టెన్షన్. టికెట్లు ఇంకా కొనలేదు కదా? కొనకు.

వీసా, ఇన్సూరెన్స్, మీ నాన్న బీపీ మందులు నువ్వే చూసుకోగలవు. వెళ్లే కాలం గురించి మాత్రం నా మాట విను. మీ పెదనాన్న ఉద్యోగం పుణ్యమా అని అక్కడ కాపురం చేసినదాన్ని.

ఏప్రిల్ 29న అక్కడ సెలవు. మళ్లీ మే 3, 4, 5 వరుసగా సెలవులే. మధ్య రోజులకి లీవు పెట్టుకుని జనమంతా ఊళ్లకి బయల్దేరతారు. దాన్నే గోల్డెన్ వీక్ అంటారు. మా బావగారు, తోడికోడలు సరిగ్గా అప్పుడే వచ్చారు. మాకు చెప్పేసరికే అన్నీ బుక్ చేసేసుకున్నారు. మే 3న టోక్యో నుంచి క్యోటోకి ప్రయాణం. రిజర్వేషన్ లేని పెట్టెలో ఎక్కేయొచ్చులే అని బావగారి ధీమా. మామూలు రోజైతే అది నిజమే. ఆ రోజు మాత్రం రెండుంపావు గంటలు, తలుపు దగ్గర, సూట్‌కేసుల మధ్య నిలబడే వెళ్లారు. క్యోటోలో సిటీ బస్సు ఎక్కడానికీ చోటు లేదు. కియోమిజు గుడికి వెళ్లే ఎత్తు వీధిలో జనం కదలక, అక్కయ్య కాళ్లు వాచిపోయి సగం దారిలో ఒక మెట్టు మీద కూలబడింది. గుడి చూడకుండానే వెనక్కి తిరిగారు. ఎన్నాళ్లుగానో ఆశపడి వచ్చిన మనిషి! ఆ తర్వాత ఎవరు పిలిచినా ఎక్కడికీ రానంది. ఇంకో రెండు వారాలు ఆగి వచ్చుంటే అదే వీధి నెమ్మదిగా ఎక్కి, ఆ గుడి వసారాలోంచి ఊరంతా చూసేది. ఇప్పుడు ఆ సెలవుల్లో నోజోమికి, అంటే ఆ దారిలో నడిచే బుల్లెట్ రైళ్లకి, రిజర్వేషన్ లేని పెట్టెలే ఉండవు. మీ అమ్మ మోకాళ్లు తలచుకుంటే నాకు భయం వేస్తోంది.

సకురా, అదే చెర్రీ పూల కోసమే ఆ తేదీలు అనుకున్నావా? టోక్యో, క్యోటోల్లో అవి మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదట్లో పూస్తాయి. పూర్తిగా విచ్చాక వారం నిలిస్తే గొప్ప. నువ్వనుకున్న సమయానికి అవి ఉత్తరాన హొక్కైడోలో ఉంటాయి.

జూలై, ఆగస్టు మాటే ఎత్తకు. "మనకి ఎండ కొత్తా?" అంటాడు మీ నాన్న, నాకు తెలుసు. 35 డిగ్రీలకి తోడు ఒళ్లు తడిసిపోయే ఉక్క. అందులో గుడి గుడికీ నడిపిస్తావా ఆయన్ని? ఆగస్టు మధ్యలో ఓబోన్ పండుగకి మళ్లీ అదే రద్దీ. సెప్టెంబరులో తుఫాన్ల బెడద.

అందరూ నవంబరు అంటారు. నెల చివరికొచ్చేసరికి క్యోటో మేపుల్ చెట్లు ఎర్రబడి నిజంగా చూడముచ్చటగా ఉంటాయి. కానీ అప్పుడు అయిదు కాకముందే పొద్దు గుంకుతుంది. మీ నాన్న స్నానం, పూజ ముగించి గుమ్మం దాటేసరికి పది. ఇంకేం చూస్తారు?

నా మాట విని మే 12 తర్వాత బయల్దేరి, నెలాఖరుకి తిరిగొచ్చెయ్యి. జూన్ మొదట్లో త్సుయు, అంటే వాళ్ల వానలు, మొదలవుతుంది. ఆలోపు పగలు హాయిగా ఉంటుంది, చీకటి పడేసరికి దాదాపు ఏడవుతుంది. వరినాట్ల రోజులు కూడానూ. రైల్లో మీ అమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టు. నీళ్లు పెట్టిన మళ్లు చూస్తే ఆవిడకి నీ పూలేవీ గుర్తుకురావు. చిన్నప్పుడు మేమిద్దరం గట్ల మీద పరుగులు పెట్టినవాళ్లం. ఫుజి కొండ మీద మంచు ఇంకా కరగదు గానీ, మే నెలలో మబ్బులు ఎక్కువ. అది కనబడి తీరుతుందని మాత్రం వాళ్లకి ముందే ఆశ పెట్టకు.

రోజుకి ఒక్క గుడి చాలు. కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు తల్లీ. ఆఫీసులో మే నెలకి లీవు అడిగి, వాళ్లు ఏమన్నారో ఈ ఆదివారం లోపు నాకు ఫోన్ చేసి చెప్పు. మీ అమ్మకి బూట్లు నేను కొంటాను, సైజు కనుక్కో.

మీ పెద్దమ్మ