కోలీలంటే సముద్రపు జాలర్లేనా? కొండ కోలీల సంగతి

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. కోలీలంటే ముంబై జాలర్లు కదా, మరి మహారాష్ట్ర షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఆ పేరు ఎందుకుంది? మన ఆదిలాబాద్ కోలాములూ వాళ్లూ ఒకటేనా?

రెండోదానికి జవాబు చిన్నది. కాదు. కోలాముల సొంత భాష కోలామీ, అది ద్రావిడ భాష. కోలీలు మాట్లాడేది మరాఠీ. పేర్లు వినడానికి దగ్గరగా ఉన్నాయి, అంతే.

మొదటిది నా మనసుకు దగ్గరి విషయం. మా నాన్న సిరిసిల్ల నుంచి భివండీ మరమగ్గాలకు వలస వెళ్లారు. నేను అక్కడే పుట్టి, మరాఠీలో చదువుకుని, మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ (ఇప్పటి అహిల్యానగర్) జిల్లా అకోలే తాలూకాలోని ఒక ఆశ్రమ పాఠశాలలో ఆరేళ్లు లెక్కలు చెప్పాను. పిల్లల్లో ఎక్కువ మంది మహాదేవ్ కోలీలు, అంటే కొండ కోలీలు. నా మొదటి తరగతిలో సముద్రం చూసినవారు ఒక్కరూ లేరు.

ముంబై తీరంలో చేపలు పట్టే సోన్ కోలీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో లేరు. జాబితాలో ఉన్నది కోలీ మహాదేవ్, కోలీ మల్హార్, కోలీ ఢోర్, టోక్రే కోలీ వంటి పేర్లు. ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది కానీ బతుకులను తారుమారు చేస్తుంది. మా బడిలో చదివిన ఒక అమ్మాయికి నర్సింగ్‌లో సీటు వచ్చింది. తాతగారి పాత బడి రికార్డులో ‘కోలీ’ అని మాత్రమే రాసి ఉన్నందువల్ల ఆమె తెగ ధ్రువపత్రం పరిశీలనలో ఆగిపోయింది. ఆ సంవత్సరం సీటు పోయింది. ఎప్పుడో ఒక గుమాస్తా ఒక్క మాట రాయకుండా వదిలేస్తే, మనవరాలు ఏడాది కోల్పోయింది. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే నాకు కడుపు రగులుతుంది.

మహాదేవ్ కోలీల ఇల్లు సహ్యాద్రి. అకోలే, జున్నర్, అంబేగావ్, ఇగత్‌పురి వైపు కొండలోయలు. ఉత్తరాన జవ్హార్‌లో వాళ్లకు రాజ్యమే ఉండేది. పద్నాలుగో శతాబ్దంలో జయబా ముక్నే స్థాపించిన ఆ సంస్థానం 1948 వరకు నిలిచింది. ఎద్దుచర్మం కప్పేంత నేల ఇమ్మని అడిగి, ఆ చర్మాన్ని సన్నని తాళ్లుగా కోసి కొండను చుట్టేశాడని జయబా గురించి ఒక కథ చెబుతారు.

మిగిలిన కొండల్లో కోలీ నాయకులు కోటలకు, కనుమలకు కాపలా కాసేవారు. అందుకు జీతాలు, కొన్ని హక్కులు ఉండేవి. 1818లో మరాఠా పేష్వాల పాలన పోయాక కంపెనీ దొరలు కోటల కాపలా దళాలను తీసేశారు. తరతరాల బతుకుతెరువు ఒక్కసారిగా పోయింది. తిరుగుబాట్లు అక్కడి నుంచి మొదలయ్యాయి. ముందు రామ్‌జీ భాంగ్రే, ఆ తర్వాత ఆయన కొడుకు రాఘోజీ. అకోలే తాలూకా దేవ్‌గావ్‌లో పుట్టిన రాఘోజీ 1848 జనవరిలో పండరిపురంలో పట్టుబడ్డాడు, మే 2న ఠాణే జైలులో ఉరి తీశారు. మా పిల్లలు ఆయన పేరును ఇంటి పెద్ద పేరు పలికినట్టు పలికేవారు. మనకు అల్లూరి ఎలాగో వాళ్లకు రాఘోజీ అలాగ.

ఈ పోరాటాలను దొరల మీద కోపంగా మాత్రమే చూస్తే సగమే అర్థమవుతుంది. ఆ కోపం అప్పుల పద్దుల మీద కూడా. కొత్త కోర్టులు వచ్చాక వడ్డీ వ్యాపారి చేతిలో కాగితం ఉంటే చాలు, కోలీ రైతు పొలం పోయేది. 1873 నుంచి 1876 వరకు హోన్యా అనే కోలీ నాయకుడు తన మనుషులతో పుణే, అహ్మద్‌నగర్, నాసిక్, ఠాణే జిల్లాల్లో వ్యాపారుల మీద పడ్డాడు. చాలా చోట్ల వాళ్ల ముక్కులు కోశారు. ముక్కులు కోయడాన్ని నేను మెచ్చుకోను. కానీ 1875లో దక్కన్ రైతులు లేచి అప్పు పత్రాలు తగలబెట్టినప్పుడు ఆ మంట ఎక్కడి నుంచి పుట్టిందో ఈ కొండలను చూశాకే నాకు తెలిసింది.

అప్పు ఇంకా పోలేదు, అమ్ముకునే సరుకు ధర వాళ్ల చేతిలో లేదు కనుక. వేసవిలో జున్నర్, అంబేగావ్ వైపు ఇంటిల్లిపాదీ ‘హిర్డా’ కోతకు వెళతారు. హిర్డా అంటే మన కరక్కాయే. ముదరకముందే పిందెలు కోసి ఎండబెట్టి అమ్ముతారు. చెట్లెక్కేది వాళ్లు, ధర చెప్పేది కొనేవాడు.

సేద్యం సంగతి చెప్పకపోతే ఈ జవాబు సగంలో ఆగినట్టే. ఎండాకాలంలో నారుమడి మీద పేడ, కొమ్మలు, ఆకులు పరిచి కాలుస్తారు. దాన్ని ‘రాబ్’ అంటారు. కలుపు విత్తనాలు చస్తాయి, బూడిద ఎరువవుతుంది. వాన పడగానే ఆ మడిలో వరి, రాగి నారు పోస్తారు. వాలుల మీద సామలు, వలిసెలు. అరకులో పసుపుపచ్చగా విరగబూసే ఆ వలిసెలే. నేను అద్దెకున్న ఇంటి అవ్వ నన్ను ‘గురుజీ’ అని పిలిచేది. ఉట్టి మీది కుండలో చిక్కుడు గింజలను బూడిద కలిపి దాచేది. “కొన్న విత్తనం ఒక్క ఏడే మన మాట వింటుంది, గురుజీ” అనేది. 2020లో పద్మశ్రీ ప్రకటించిన రాహీబాయి పోపెరే అకోలే తాలూకాలోని కోంభాళ్ణే గ్రామానికి చెందిన మహాదేవ్ కోలీ. ఆమె బడికి వెళ్లలేదు. నాటు విత్తనాలు సేకరించి, పెంచి, పంచి ‘బీజమాత’ అనిపించుకుంది. ఆ వార్త వచ్చిన రోజు నాకు మా అవ్వ ఉట్టే గుర్తొచ్చింది.

దేవతల గురించి రాయడం మొదలుపెడితే ఆగలేను, రెండు సంగతులు చెబుతాను. దీపావళికి ముందు ద్వాదశి నాడు వాఘ్‌బారస్ జరుపుతారు. ఊరి పొలిమేరలో పులిని చెక్కిన రాయి ఉంటుంది, వాఘోబా. పశువులను కాచేవాళ్లు ఇంటింటా బియ్యం అడిగి తెచ్చి, అక్కడే పాయసం వండి, తమ మందను వదిలేయమని వేడుకుంటారు. పులిని చంపమని అడగరు.

రెండోది కళసూబాయి. 1,646 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరం మహారాష్ట్రలో అన్నిటికన్నా ఎత్తైనది. కొండ మీద చిన్న గుడి, అందులో కళసూ. ఆమె ఒక కోలీ పిల్ల. ఒకరింట్లో పనికి కుదిరేటప్పుడు, ఊడ్వను, గిన్నెలు తోమను అని షరతు పెట్టింది. ఒకరోజు ఇంటికి చుట్టాలు వచ్చారు, ఆమె చేత గిన్నెలు తోమించారు. తోమేసి, కొండెక్కి, ఇక దిగలేదు. గిన్నెలు తోమిన చోటును ఇప్పటికీ థాళే మేళ్ అని చూపిస్తారు.

ఈ కథ నాకు చెప్పింది ఏడో తరగతి ఆడపిల్లలు. హాస్టల్లో ఆ రోజు గిన్నెలు తోమే వంతు వాళ్లది. బూడిద చేతులతోనే, కిటికీలోంచి ఆ శిఖరాన్ని చూపిస్తూ చెప్పారు.