చెట్టూ చేమా: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: డెన్వర్ శివారులో మా ఇంటి వెనక పెద్ద కాటన్‌వుడ్ చెట్టుంది. జూన్ వస్తే పెరడంతా పత్తే. అమ్మకు ఒకటే తుమ్ములు, ఏసీ కూడా సరిగా చల్లబరచడం లేదు. కొట్టించేయమంటారా?

జవాబు: తుమ్ములకు పత్తిని తప్పుపట్టకండి. మన తాడిచెట్లలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే కాటన్‌వుడ్‌లోనూ ఆడ, మగ చెట్లు వేరు. మీ పెరట్లో ఎగిరేది ఆడచెట్టు గింజలకు అంటుకునే నూగు, పుప్పొడి కాదు. మగచెట్టు పుప్పొడి ఆకు వేయకముందే, వసంతం మొదట్లోనే గాలికి పోతుంది. పత్తి ఎగిరే రోజుల్లోనే గడ్డి పూస్తుంది. తుమ్ములు తెప్పించేది ఎక్కువగా ఆ గడ్డి పుప్పొడి. అమ్మగారికి అలర్జీ పరీక్ష చేయిస్తే తేలిపోతుంది.

ఏసీ సంగతి మాత్రం నిజంగా పత్తి పనే. బయటి యూనిట్ గాలిని లాగుతుంటే దాని రేకుల మీద పత్తి దుప్పటిలా పరుచుకుంటుంది, వేడి బయటికి పోలేక కంప్రెసర్ మీద భారం పడుతుంది. ముందు యూనిట్ పక్కన గోడకున్న స్విచ్ ఆపి కరెంటు తీసేయండి. పొడిగా ఉన్న పత్తిని మెత్తటి బ్రష్షుతో పైనుంచి కిందికే దులపండి. అడ్డంగా రుద్దితే పల్చటి రేకులు వంగిపోతాయి. తర్వాత మామూలు పైపుతో, వీలైతే లోపలినుంచి బయటికి నీళ్లు కొట్టండి. ప్రెషర్ వాషర్ అస్సలు వద్దు. పత్తి రాలినన్నాళ్లూ వారానికోసారి ఇలా చేయాలి. గోడవారన పేరుకున్నదాన్ని తడిపి ఎత్తేయండి, నిప్పురవ్వ పడితే భగ్గుమంటుంది.

కొట్టించాలా వద్దా అన్నది కొమ్మలను, వేళ్లను చూసి తేల్చుకోవాలి. వేగంగా పెరిగే చెట్టు, మెత్తటి కలప. ఆకు రాలకముందే తడిమంచు కురిస్తే ఆ బరువుకు కొమ్మలు విరిగిపడతాయి. ఎండుకొమ్మలు, ఇంటిమీదికి వంగినవి, చెట్టు మొదలులో తొర్ర ఉంటే చెట్ల నిపుణుణ్ణి పిలిపించండి. తల మాత్రం నరికించొద్దు; అక్కడ మొలిచే కొమ్మలకు పట్టు ఉండదు. వేళ్లు గట్టి పైపును పగలగొట్టవు, పాత మురుగుపైపుల అతుకుల్లో చెమ్మ కారే చోట దూరతాయి. పైపులోకి కెమెరా పంపి చూపిస్తే తెలుస్తుంది. కొట్టిస్తే మోడు పిలకలు వేస్తుంది. కోసిన కొద్ది నిమిషాల్లోనే బెరడు లోపలి అంచు చుట్టూ మోడుకు వాడే కలుపుమందు పూయాలి.

ప్రశ్న: మా చెట్టు కాటన్‌వుడ్డేనని గుర్తుపట్టేదెలా? ఈ పత్తితో దిండ్లు కుట్టుకోవచ్చా?

జవాబు: ఆకు త్రికోణంగా, అంచున రంపపు పళ్లతో ఉంటుంది. తొడిమను రెండు వేళ్ల మధ్య దొర్లించండి, దొర్లదు. పక్కలనుంచి నొక్కినట్టు చదునుగా ఉంటుంది, అందుకే చిరుగాలికే ఆకులన్నీ రావాకుల్లా గలగలమంటాయి. రెమ్మను అడ్డంగా కోస్తే మధ్య బెండు అయిదు మొనల నక్షత్రంలా కనిపిస్తుంది. ఎంత అందంగా ఉంటుందో పిల్లలకు తప్పక చూపించండి. దిండ్లకు పనికిరాదు, నూగు మరీ పొట్టి. దిండ్లకు వాడే బూరుగుకూ దీనికీ చుట్టరికమే లేదు.

ప్రశ్న: ఖమ్మంలో పోప్లార్ వేయొచ్చా?

జవాబు: వద్దు. పంజాబ్, హర్యానా రైతులు పోప్లార్ పేరుతో ప్లైవుడ్ కోసం గోధుమలో కలిపి వేసేది ఈ కాటన్‌వుడ్ రకాలనే. చలికి ఆకు రాల్చి కింది పైరుకు ఎండ వదలడమే అక్కడ దాని గొప్ప. మన దగ్గర ఆ చలీ లేదు, కొనేవాళ్లూ లేరు. జామాయిలో, సుబాబులో వేసుకోండి.