కార్డు గడువూ కాయ డబ్బూ కలవనప్పుడు

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా బంగారుపాళెం దగ్గర ఊరు. అయిదెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. బోరు మోటారు కాలిపోవడంతో జూన్ 12న చిత్తూరులో క్రెడిట్ కార్డు మీద 40,000 రూపాయలకు కొత్తది కొన్నాను. 50 రోజుల వరకు వడ్డీ ఉండదన్నారు. గుజ్జు ఫ్యాక్టరీ డబ్బు అందక జూలై 6న కనీస మొత్తం 2,000 కట్టి, ఆగస్టు 6న బిల్లు మొత్తం తీర్చేశాను. అయినా ఆగస్టు 18 బిల్లులో మళ్లీ వడ్డీ వేశారు. ఇది సబబేనా?

జవాబు: మీరు పంపిన మూడు బిల్లులూ వరుసగా పెట్టుకుని చూశాను. లెక్కలో తప్పు లేదు. తప్పల్లా ఆ గడువును మీకు సగమే వివరించి చెప్పడంలో ఉంది.

‘50 రోజుల వరకు’ అన్న మాటలో ‘వరకు’ అన్నదే ముఖ్యం. మీ కార్డుకు ప్రతి నెలా 18న బిల్లు తయారవుతుంది, మరుసటి నెల 7 కట్టవలసిన చివరి తేదీ. జూన్ 12న కొన్న మోటారు ఆరు రోజులకే బిల్లులోకి వచ్చేసింది కాబట్టి మీకు దక్కిన గడువు 25 రోజులు మాత్రమే. అదే మోటారును జూన్ 19న కొని ఉంటే జూలై 18 బిల్లులో చేరి, ఆగస్టు 7 వరకు, అంటే 49 రోజులు వడ్డీ లేకుండా గడిచేది. మీ చేతికి డబ్బు వచ్చింది ఆగస్టు 6నే కదా.

ఇక అసలు విషయం. వడ్డీ లేని గడువు ఒక షరతు మీద ఆధారపడి ఉంటుంది: బిల్లులోని పూర్తి మొత్తం చివరి తేదీలోగా కట్టాలి. కొంత కడితే కట్టినంత మేరకు మాఫీ అవుతుందని చాలామంది అనుకుంటారు, కానీ అలా జరగదు. కనీస మొత్తం కట్టినందువల్ల ఆలస్య రుసుము తప్పుతుంది, సిబిల్ నివేదికలో బాకీ ఎగవేసినట్లు నమోదు కాకుండా ఉంటుంది, అంతే. గడువు మాత్రం రద్దయి, వడ్డీ జూలై 7 నుంచి కాక మీరు కార్డు గీకిన జూన్ 12 నుంచే లెక్కకు వస్తుంది.

మీ బిల్లు వెనుక నెలకు 3.5 శాతం అని చిన్న అక్షరాలతో ఉంది. అంటే ఏడాదికి 42 శాతం. జూన్ 12 నుంచి జూలై 6 వరకు 24 రోజులు 40,000 మీద సుమారు 1,105 రూపాయలు, ఆ తర్వాత 18 వరకు 12 రోజులు 38,000 మీద 525 రూపాయలు పడ్డాయి. జూలై 10న పురుగు మందుల దుకాణంలో మీరు కార్డు మీద పెట్టిన 6,000కు కూడా ఒక్క రోజు గడువు దొరకలేదు, ఎందుకంటే పాత బాకీ నిలిచి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. దాని ఎనిమిది రోజుల వడ్డీ 55 రూపాయలూ, మొత్తం వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కలిపితే జూలై బిల్లులో సుమారు 1,990.

ఆగస్టు 18 బిల్లులోని సంగతి ఇంకా సులువు. జూలై 18న బిల్లు తయారైన తర్వాత మీరు కట్టేవరకు 19 రోజులు గడిచాయి. మోటారు బాకీ 38,000, మందుల 6,000 కలిపి 44,000 మీద ఆ రోజుల వడ్డీ 962, జీఎస్టీతో 1,135. జూలై బిల్లు ముద్రించేనాటికి ఆ రోజులు ఇంకా రాలేదు గనుక అందులో కనిపించలేదు. మొత్తం మీద 40,000 మోటారుకు మూడు వేలకు పైగా అదనంగా పోయింది. కాయకు ధర లేని ఏడాదిలో ఇది ఎంత బాధో నాకు తెలియనిది కాదు.

ఇప్పుడు ఆ 1,135 సెప్టెంబరు 7లోగా పూర్తిగా కట్టండి, అప్పటివరకు కార్డు బయటికి తీయకండి. ఖాతా నుంచి దానంతటదే డబ్బు వెళ్లే ఏర్పాటు ఉంటే అది కనీస మొత్తానికి కాక పూర్తి మొత్తానికి ఉందో లేదో సరిచూసుకోండి. బిల్లు తేదీని కనీసం ఒక్కసారైనా మార్చుకునే అవకాశం ఖాతాదారుకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. మీకు డబ్బు అందే రోజులను బట్టి అడగండి. ఏటీఎంలో ఈ కార్డుతో నగదు మాత్రం ఎన్నడూ తీయవద్దు, దానికి గడువన్నదే ఉండదు.

ఇలాంటి పెద్ద కొనుగోలు మళ్లీ వస్తే, పూర్తి మొత్తం కట్టలేమని ముందే తెలిసినప్పుడు, దుకాణంలో చెప్పే వడ్డీ లేని వాయిదాలు కనీస మొత్తం కంటే నయం. అవి కూడా నిజంగా ఉచితం కావు. వడ్డీకి సమానమైన తగ్గింపు ముందే ధరలో ఇచ్చి, ఆ వడ్డీని వాయిదాల్లో వసూలు చేస్తారు. వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము మీవే. ఏడాదికి 15 శాతం లెక్కన 40,000కు ఆరు నెలల వాయిదాలైతే జీఎస్టీ 305 రూపాయల దాకా అవుతుంది, దానికి రుసుము తోడవుతుంది. అయితే నగదుకు దుకాణదారు మామూలుగా ఇచ్చే తగ్గింపును దీనివల్ల మీరు వదులుకోవలసి వస్తుందేమో అడిగి తెలుసుకోండి.

నా అభిప్రాయంలో తోట ఖర్చుకు ఈ కార్డు తగినది కాదు. జూన్, జూలైలలో కాయ దించి, ఫ్యాక్టరీ ఎప్పుడిస్తే అప్పుడు డబ్బు చూసే రైతుకు, ప్రతి నెలా 7న పూర్తి మొత్తం అడిగే అప్పు కుదరదు. మీరు కిసాన్ క్రెడిట్ కార్డు సంగతి రాయలేదు. 3 లక్షల వరకు పంట రుణానికి దానిలో వడ్డీ 7 శాతం, సకాలంలో తీరిస్తే 4 శాతానికి దిగుతుంది. మందులు, ఎరువులు, కూలీల ఖర్చు అందులో వెళ్లిపోతే, చేతిలోని రొక్కం మోటారు వంటి ఆపదకు మిగిలేది. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ తీసుకుని, వచ్చే పూతకు ముందే మీ ఊరి బ్యాంకు శాఖకు వెళ్లండి.