యాభై మంది ఉండే దీవిలో కౌన్సిల్ ఎన్నికలు ఎలా జరుగుతాయి?

పిట్‌కెయిర్న్ దీవి గురించే కదా అడుగుతున్నారు. దక్షిణ పసిఫిక్‌లో బ్రిటన్ చేతిలో ఉన్న చిన్న భూభాగం, జనాభా అటూ ఇటూగా యాభై, ఊరు ఒక్కటే, ఆడమ్స్‌టౌన్. మన పంచాయతీలో ఒక వార్డుకు ఉండే ఓట్లు కూడా అక్కడ ఉండవు.

అయినా పద్ధతి పద్ధతే. మేయర్‌ని, డిప్యూటీ మేయర్‌ని, ఐదుగురు కౌన్సిలర్లని ఓటేసి ఎన్నుకుంటారు. మేయర్ పదవీకాలం 3 ఏళ్లు. పార్టీలు లేవు, గుర్తుల గోల లేదు. ప్రచారం మాత్రం ఏం చేస్తారు, అభ్యర్థి పుట్టుపూర్వోత్తరాలన్నీ ఊరందరికీ నోటికొచ్చు, చాలామంది 1790లో బౌంటీ అనే బ్రిటిష్ ఓడలో తిరగబడి అక్కడికి చేరిన నావికులతో, వాళ్లతో వచ్చిన తహితీ దీవి వాళ్లతో మొదలైన కుటుంబాల వాళ్లే కాబట్టి ఎవరికి ఓటేసినా ఎవరో ఒక చుట్టం అలుగుతాడు. అసలు టెన్షన్ అదే. ఓడిపోయినా ముఖం చాటేయడం కుదరదు, ఎందుకంటే సరుకుల ఓడ వచ్చినప్పుడు గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే లాంగ్‌బోట్‌లో, అంటే పొడవాటి పడవలో ఎక్కి సామాను దించాల్సిందే. ఓడలు తప్ప దారి లేదు, విమానాశ్రయం లేదు.

అక్కడ ఆడవాళ్లకు 1838లోనే ఓటు హక్కు వచ్చింది, బ్రిటన్ కంటే చాలా ముందు. అయినా ఓటింగ్‌లో గెలిచి ఒక మహిళ మేయర్ అవడానికి 2019 దాకా పట్టింది, ఇదేం విడ్డూరమో.

కౌన్సిల్‌కి అన్ని అధికారాలూ ఉంటాయనుకోకండి. పైన గవర్నర్ ఉంటాడు, న్యూజిలాండ్‌లోని బ్రిటిష్ హైకమిషనరే ఆ పదవి కూడా చూస్తాడు. ఖర్చులో ఎక్కువ భాగం బ్రిటన్ డబ్బే.