పేరా మొదటి వాక్యం: బాలాజీ కాలనీ రూములో నాకు తగిలిన దెబ్బ

"గ్రూప్-1 వ్యాసానికి థీసిస్ (వ్యాసమంతా నిలబెట్టాల్సిన ఒక్క వాదం) రాసుకుంటున్నా, కానీ పేరాల మొదటి వాక్యాలు దానికి అతకడం లేదు, ఏం చేయాలి?" అని అడిగారు.

అతకలేదంటే తప్పు వాక్యాల్లో లేదు. మీరింకా ఏ పక్కో తేల్చుకోలేదు, అంతే.

తిరుపతి బాలాజీ కాలనీలో ముగ్గురం ఒక రూములో ఉండి మెయిన్స్‌కి చదువుతున్న రోజులు. చిత్తూరు మామిడి రైతు మీద వ్యాసం రాసి, పలమనేరు నుంచి వచ్చిన రూమ్మేటు అన్నకు ధీమాగా ఇచ్చా. ఆయన ఇడ్లీ పొట్లం పేపరు మడిచి, పేరాకు ఒక్క మొదటి వాక్యం కనపడేట్టు మిగతాదంతా మూసేసి గట్టిగా చదివాడు: "మామిడి మన జాతీయ ఫలం. చిత్తూరులో మామిడి తోటలు ఎక్కువ. తోతాపురి కొన చిలక ముక్కులా ఉంటుంది. ప్రభుత్వం రైతును ఆదుకోవాలి."

"సామీ, దీంట్లో నువ్వు ఎవురి పక్క ఉండావు?" అన్నాడు.

నోట మాట రాలా. మా నాయనది బంగారుపాళెం దగ్గర తోతాపురి తోట. గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట, ట్రాక్టర్ల వరసలో ఆయనతో రెండు రాత్రులు పడుకున్నోణ్ణి. అంత చూసినోణ్ణి జాతీయ ఫలంతో మొదలుపెట్టా! బడిలో అంటించిన రోగం ఇది. ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు అని సైడు హెడ్డింగులు పెట్టించి, "నేటి ఆధునిక యుగంలో" అంటే చాలు మార్కులేశారు. కోచింగ్ నోట్సులు ఇంకా ఘోరం, ఏ టాపిక్‌కైనా గాంధీగారి మాటొకటి అతికిస్తారు.

ఆ రాత్రే థీసిస్ ఒక్క ముక్కలో రాసుకున్నా: తోతాపురి ధర తోటలో కాదు, ఫ్యాక్టరీ గేటు దగ్గర తేలుతుంది. ఇక మొదటి వాక్యాల కోసం వెతుక్కోలేదు. "తోతాపురిని పండుగా కొని తినేవాళ్లు తక్కువ గనక రైతుకు ఫ్యాక్టరీయే దిక్కు." "కోసిన కాయ నిలవుండదు గనక వరసలో ఉన్న రైతు బేరమాడలేడు." "బేనీషా (బంగినపల్లి) వేసినాయనకు పండ్ల మండీ ఇంకో దారి." ఈ మూడోది ఎదురు తిరిగినట్టుంటుంది గానీ, రెండు దార్లున్నోడికే ధర అడిగే నోరుంటుందని చెప్పి నా వాదాన్నే మోస్తుంది. చిలక ముక్కు ఎగిరిపోయింది.

ఇంకోటి. తెలుగులో అసలు మాట క్రియతో చివర్లో పడుతుంది. మొదటి వాక్యాన్ని నాలుగు లైన్లు సాగదీస్తే దిద్దే ఆయన క్రియ దాకా రాడు. మేం రాసినప్పుడు మూడు గంటల్లో మూడు వ్యాసాలు, 150 మార్కులు. అన్ని కట్టలు దిద్దేవాళ్లకు మాత్రం ఓపిక యాడిది? ఇంగ్లీషు మీడియం వాళ్లకే ఈ విద్య వస్తుందని చెప్పేవాళ్ల మాట నమ్మొద్దండీ.

ఊరికి పోయినప్పుడు నాయనకు ఆ మొదటి వాక్యాలే చదివి వినిపించా. అంతా విని బీడీ ఆర్పి, "తూకంలో తీసే తరుగు సంగతి యాడరా?" అన్నాడు. అది నాలుగో పేరా అయింది.