హార్మోనియం కొనేముందు

అల్లుడా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. నైట్ డ్యూటీలతో నిద్ర పాడైందనీ, టెన్షన్ తగ్గడానికి సంగీతం నేర్చుకొమ్మని ఎవరో చెప్పారనీ, ఏ హార్మోనియం కొనాలనీ అడిగావు. ఫోన్‌లో చెప్తే సగం మరిచిపోతావని రాస్తున్నా.

పెట్టె ఇప్పుడే కొనకు. ఒక నెల నీ గొంతుతో కూర్చో. హార్మోనియం కట్ట (వేలితో నొక్కే మీట) నొక్కితే స్వరం దానంతటదే వస్తుంది. నీ చెవికి పని ఉండదు. మొదట పని పెట్టాల్సింది చెవికే.

ఫోన్‌లో తంబూరా యాప్ వేసుకో, ఆధారంగా పాడుకోవడానికి అది ఆగకుండా మోగుతూ ఉంటుంది. శ్రుతి అంటే నీ "స" ఎంత ఎత్తులో ఉండాలన్న లెక్క. మగవాళ్ళకు మామూలుగా ఒకటి, ఒకటిన్నర శ్రుతి కుదురుతుంది. ఆడవాళ్ళకు ఐదు, ఐదున్నర అంటారు. అది అందరికీ ఒకేలా ఉండదు. కింది పంచమం ("ప") పలకాలి, పై షడ్జం ("స") అరవకుండా అందాలి, అదే నీ శ్రుతి. ఇక "స" పట్టుకుని "ఆ" అంటూ నిలుపు. వేరే ఏమీ పాడొద్దు. నీ గొంతు కొంచెం తేడాగా ఉంటే తంబూరాతో కలిసి అలలు అలలుగా కొట్టుకుంటుంది. దగ్గరికి వచ్చేకొద్దీ ఆ అలలు నెమ్మదిస్తాయి. సరిగ్గా కలిసినప్పుడు ఆగిపోతాయి, నీ గొంతు ఎక్కడుందో నీకే వినపడదు. ఆ కాసేపు ఆఫీసులో నీ మేనేజర్ ఏమన్నాడో గుర్తు చేసుకోమన్నా నీకు గుర్తు రాదు. మనసును ఊరికే ఖాళీగా కూర్చోమంటే కూర్చోదురా, దానికి సన్నటి పని ఒకటి ఇవ్వాలి. "స" నిలపడం అలాంటి పని.

ఇంకో సంగతి ఉంది. పాడేటప్పుడు గాలి గబుక్కున పీల్చి, మెల్లగా చాలాసేపు వదులుతాం. ఊపిరి వదిలేటప్పుడు గుండె కొట్టుకోవడం కాస్త నెమ్మదిస్తుంది. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో కలిసి పాడేవాళ్ళ గుండె లయ కొలిస్తే, పాటలోని ఊపిరిని బట్టి వాళ్ళ గుండె వేగం ఒకేసారి పెరిగి, ఒకేసారి తగ్గిందట. మన బతుకమ్మ దగ్గర చూడు. ఒకామె చరణం ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు "ఉయ్యాలో" అని అందుకుంటారు. వాళ్ళు అందుకున్నంతసేపూ ఆమెకు ఊపిరి దొరుకుతుంది. గంటలకొద్దీ పాడినా గొంతు పోదు. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గానీ, మస్తు తెలివైనవాళ్ళు.

"స" నిలబడ్డాక సరళీ వరుసలు, అంటే స రి గ మలను వరుసలుగా పాడే మొదటి పాఠాలు, మొదలుపెట్టు. మాయామాళవగౌళ రాగంలో నేర్పుతారు, ఈ పద్ధతి పెట్టింది పురందరదాసు అని చెప్తారు. విసుగొస్తుంది, తప్పదు. మొదటి కాలంలోనే (నెమ్మది వేగంలోనే) ఉండు, మూడో కాలానికి ఎగబడకు. తాళం మాత్రం చేత్తో వెయ్యి. ఆదితాళం ఎనిమిది దెబ్బల లెక్క, మిశ్రచాపు మూడూ నాలుగూ కలిపి ఏడు. చేతుల్లో చిరుతలు (చెక్క తాళాలు) పట్టుకుని ఆడే మన చిరుతల భజనలో కాళ్ళు, చేతులు, నోరు మూడూ ఒకే లెక్కలో పోతాయి. అక్కడ లెక్క తప్పితే పక్కవాడి చిరుత నీ వేళ్ళ మీద పడుతుంది. అంతకంటే మంచి గురువు లేడు.

ఇప్పుడు నువ్వడిగిన టెన్షన్ మాట. ఈ రాగం వింటే బీపీ పోతుంది, ఆ రాగం వింటే షుగర్ తగ్గుతుంది అని వాట్సాప్‌లో తిరిగేవి నమ్మకు. మోజార్ట్ అనే యూరప్ సంగీతకారుడి సంగతి ఉంది చూడు. 1993లో కాలేజీ పిల్లలకు ఆయన సంగీతం పది నిమిషాలు వినిపించి ఒక పరీక్ష పెడితే కాస్త బాగా చేశారు. ఆ ప్రభావం పావుగంట కూడా నిలవలేదు. దాన్ని పట్టుకుని చంటిపిల్లలకు తెలివి పెంచే క్యాసెట్లు అమ్మారు. నచ్చిన సంగీతం వింటే మనసు హుషారవుతుంది, హుషారైన మనసు ఏ పనైనా కొంచెం మెరుగ్గా చేస్తుంది, అంతే.

హుషారు మాత్రం నిజం. 2011లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీవాళ్ళు, పాట విని రోమాలు నిక్కబొడుచుకునే సమయంలో మెదడులో హుషారునిచ్చే డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుందని చూపించారు. నాకు నచ్చింది ఏంటంటే, ఆ ఘట్టం రాబోతోందని ఎదురుచూసేటప్పుడే మెదడు స్పందించడం మొదలుపెడుతుంది. భజనలో చరణం అయిపోయి పల్లవి తిరిగి వచ్చేముందు మృదంగం అతను చిన్న ముక్తాయింపు (ముగింపు దరువు) ఇస్తాడే, అప్పుడు అందరి మొహాలూ చూడు, తెలుస్తుంది. అందుకే తెలిసిన పాటే మళ్ళీ మళ్ళీ వింటాం.

అయితే దిగులుగా ఉన్న రాత్రి ఒకే విషాద గీతాన్ని ఇయర్‌ఫోన్స్‌లో తిప్పి తిప్పి వినకు. ఏడ్చి తేలికపడేవాళ్ళు ఉంటారు, ఇంకా లోపలికి దిగిపోయేవాళ్ళూ ఉంటారు. నువ్వు రెండో రకం, నాకు తెలుసు. సౌండ్ కూడా చూసుకో. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే 4 గంటలే. నిద్ర ఇలాగే వారాల తరబడి పట్టకపోతే డాక్టర్ దగ్గరికి పో. పాట ఆ పని చెయ్యదు.

మా భజన మందిలో ఒక పెద్దాయనకు పక్షవాతం వచ్చి మాట పోయింది. నీళ్ళు అడగాలన్నా సైగే. కీర్తన ఎత్తుకుంటే మాత్రం చరణం చరణమంతా అందుకుంటాడు. మాట ఎక్కువగా మెదడు ఎడమవైపు మీద ఆధారపడుతుందట, పాటకు రెండు వైపులా పనిచేస్తాయట. అట్లాంటివాళ్ళకు పాట ద్వారా మాట నేర్పే చికిత్స కూడా ఉంది. ఆయన కొడుకుకు ఆ సంగతి చెప్పి, స్పీచ్ థెరపీ కోసం హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాను.

పెట్టె సంగతి. నెల గడిచాక కూడా కోరిక ఉంటే కొందాం, కానీ నేను లేకుండా షాపుకు పోకు. కట్టలు నొక్కకుండా తిత్తిని (గాలి సంచిని) నింపి చూడాలి, గాలి గబగబా దిగిపోతే లీకు ఉన్నట్టు. ప్రతి కట్టనూ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి పలికించాలి. పాతదైనా పర్వాలేదు. హార్మోనియంలో గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జార్చుతూ పలికించడం, కుదరదని 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది, 1971 దాకా సడలించలేదు. వాళ్ళ మాటలో కొంత నిజముంది, కానీ మన గుళ్ళలో అది లేకుండా భజన ఊహించలేం. తీగ వాయిద్యం మీద మనసు పోతే, డిండి దాటితే నాగర్‌కర్నూల్ వైపు పన్నెండు మెట్ల కిన్నెర ఉంది. 2022లో పద్మశ్రీ వచ్చిన దర్శనం మొగులయ్య వీడియోలు చూడు. ఆయన వాయిస్తూ తనే పాడతాడు, కిన్నెర గొంతు వెంట నడుస్తుంది. మొదట గొంతు అని నేను మొత్తుకునేది అందుకే.

వచ్చే శనివారం డ్యూటీ లేకపోతే మధ్యాహ్నమే ఎల్బీనగర్‌లో దేవరకొండ బస్సెక్కు. ఆంజనేయస్వామి గుడిలో రాత్రి ఎనిమిదింటికి భజన మొదలవుతుంది. పాట రాకపోయినా సిగ్గుపడకు, తాళాలు ఇస్తా, నా పక్కన కూర్చో. మీ అత్త జొన్నరొట్టెలు చేస్తానంది. ఒక్కడివే వస్తావో, అమ్మను కూడా తీసుకొస్తావో శుక్రవారంలోగా చెప్పు.

మీ మామ