సమాధానం: గిటార్ మీద సోలో వాయిస్తే స్కేల్ ప్రాక్టీసులాగే వినిపిస్తోంది

ఏ (A) మైనర్ పెంటటానిక్ అనే ఐదు స్వరాల స్కేలుకు గిటార్ మెడ మీదుండే ఐదు బాక్సులూ (వేళ్ల అమరికలు) కంఠతా వచ్చినా, బ్యాకింగ్ ట్రాక్ (తోడుగా మోగే రికార్డింగు) పెట్టగానే ఎక్కి దిగడమే అవుతోందన్నారు. కొత్త స్కేళ్లు వెతకకండి. ఉన్న స్వరాలనే తగ్గించండి.

ఏ మైనర్, ఎఫ్, సి, జి కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) మెల్లగా తిరిగేలా ఫోన్లో రికార్డు చేసుకోండి. మొదటి రెండు (అన్నిటికన్నా సన్నని) తీగల మీద 5, 8 ఫ్రెట్లు (మెడ మీది గళ్లు) మాత్రమే వాడండి. అంటే ఏ, సి, ఈ, జి (A, C, E, G), నాలుగే స్వరాలు. కార్డు మారగానే దాని సొంత స్వరం మీద దిగాలి: ఎఫ్ వస్తే మొదటి తీగ 5వ ఫ్రెట్‌లోని ఏ, జి వస్తే రెండో తీగ 8వ ఫ్రెట్‌లోని జి. దిగే చోటు కుదిరితే మధ్యలో ఏం వాయించినా చాలావరకు చెల్లిపోతుంది. జి కార్డు మీద ఈ (E) స్వరాన్ని నిలిపి ఉంచితే కాస్త తేలిపోయినట్టుంటుంది. కావాలని చేస్తే అదీ బాగుంటుంది.

ముందు నోటితో పాడి, తర్వాత అదే వాయించండి. వేళ్లకు అలవాటైన దారులు నోటికి ఉండవు. ఊపిరి కోసం ఆగక తప్పదు కాబట్టి ఖాళీలూ వాటంతటవే వస్తాయి. అపార్ట్‌మెంట్‌లో సిగ్గనిపిస్తే కూనిరాగం చాలు.

పెంటటానిక్‌లోని ఐదు స్వరాలే మన శుద్ధ ధన్యాసి రాగం: స గ మ ప ని. మీరుండేది హైదరాబాదే కదా, రవీంద్రభారతిలో కర్ణాటక కచేరీ ఉన్నప్పుడు వెళ్లి స్వరకల్పన (అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాలు) వినండి. ఎంత దూరం వెళ్లినా గాయకులు ఎత్తుకున్న పాదానికి తాళం తప్పకుండా ఎలా చేరుతున్నారో గమనించండి. గమకాలను (స్వరాన్ని ఊపే వంపులను) బెండ్లతో, అంటే తీగను పక్కకు లాగి, పలికించే పని మాత్రం ఇప్పుడే పెట్టుకోకండి, అది వేరే తలనొప్పి.